చ కాదు, స కాదు

6-11-74

వైజాగులో పన్ను పీకించుకుని వచ్చాను. నోట్లో ఇంకా దూది. చెంప నాది కానట్టుంది, గిల్లితే తెలియడం లేదు. ఎంతవరకు తెలియదో చూద్దామని బస్సులో సబ్బవరం దాటేవరకూ గిల్లుకుంటూనే కూర్చున్నాను. పక్కనావిడ భయపడి కొంచెం జరిగింది.

అసలు సంగతి పన్ను కాదు. పీకడం అయ్యాక లేవబోతుంటే డాక్టరుగారు లేవనివ్వలేదు. మనిషి చిన్నవాడే, గుంటూరు వైపు, మద్రాసులో చదివారట. "ఒకసారి కరిచి చూపించండమ్మా" అన్నారు. ఏటి కరవాలండి అన్నాను. "ఏమీ వద్దు, ఊరికే పళ్ళు కలపండి." కలిపాను. చిన్న అద్దం పెట్టి అటు చూశారు, ఇటు చూశారు, పెదవి ఎత్తి చూశారు... "మీ కింద దవడ పైదానికంటే ముందుకు పెరిగింది. ఎవరూ చెప్పలేదా?"

చెప్పకేం. చిన్నప్పుడు అన్నయ్యలిద్దరూ నన్ను పిలిచేదే సొరుగు అని. బల్ల సొరుగు లాగి, మూయడం మరిచిపోయినట్టు ఉంటుందట నా మొహం. "ఒసే, సొరుగు ముయ్యే!" ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. కాని ఆసుపత్రి భాషలో ఎవరూ చెప్పలేదు. సరిచెయ్యొచ్చని అసలే చెప్పలేదు.

సరిచెయ్యొచ్చట. నలభై రెండేళ్ళకి!

7-11-74

పళ్ళు గట్టిగా కరిచిపెట్టి, అద్దం ముందు చిటికెన వేలి గోరు పెట్టి చూశాను. పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్యలో దూరిపోయింది. ఇంతకాలం ఈ సందు నా నోట్లోనే ఉంది, ఒక్కసారీ వేలు పెట్టి చూడాలని తోచలేదు. అత్త తొంగిచూసి "ఏటే, ఏటి ఇరుక్కుంది?" అంది. ఏమీ లేదన్నాను.

10-11-74

బావకి చెప్పాను. పంచదార ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చాడు. సీజను మొదలైంది, కాటా దగ్గర చెరుకు బళ్ళ వరస గోవాడ ఊరి బయటిదాకా ఉందట. కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు.

"ఇన్నాళ్ళూ నేని గొడవ ఇప్పుడెందుకే?"

"వెనక పళ్ళు అరిగిపోనాయట. ఇలగే ఒగ్గేస్తే అవీ ఊడిపోతాయట."

"ఊడితే కట్టించుకుందుం. మా అమ్మకి ఒక్కటీ నేదు, బతకట్లేదేటి?"

అత్త వంటింట్లోంచి — "మజ్జిలో నా ఊసెందుకురా!"

నవ్వొచ్చింది. కాని నవ్వే సంగతి కాదు. కంచం ముందు కూర్చుంటే ఆఖరున లేచేది నేనే. నమలడం నాకు రాదు, మింగడమే. కడుపునొప్పి అందుకేనట, డాక్టరుగారు అన్నారు. ముందు పళ్ళతో ఏదీ కొరకలేను. జామకాయ కూడా చాకుతో కోసుకునే తిన్నాను పుట్టినప్పట్నుంచీ. చెరుకు సంగతి ఇక చెప్పక్కర్లేదు — మొగుడు చెరుకు కాటా దగ్గర, పెళ్ళానికి చెరుకు ముక్క చీల్చడం చేతకాదు.

బావకి చెప్పనిది ఒకటుంది. డాక్టరుగారిని నేను ముందు అడిగింది పళ్ళ గురించి కాదు. "మొహం మారుతాదేటండి?" అని అడిగాను. మారుతుందన్నారు. అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. ఏ మొహం వస్తుంది? చూడాలని ఉంది. సిగ్గుగానూ ఉంది.

19-11-74

మళ్ళీ వైజాగు. నాకంటే డాక్టరుగారికే ఆత్రంగా ఉంది. ఈ వయసులో ఇలాంటిదానికి తనంతట తాను వచ్చినవాళ్ళు ఎవరూ లేరట. నేనింకా దేనికీ రాలేదు, చూడ్డానికే వచ్చానని చెప్పాను. "చూడ్డానికే రండి" అన్నారు.

గులాబీ రంగు ముద్ద నోట్లో కుక్కి అచ్చు తీశారు. డోకు వచ్చినంత పనైంది. దాంట్లో సున్నం లాంటిది పోసి, ఆరాక నా పళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టారు. పైవి ఒక ముక్క, కిందివి ఒక ముక్క. నా పళ్ళు నాకు ఎదురుగా! ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. కింద వరసలో ఒకటి పక్కకి తిరిగి ఉంది, అదీ నాకు తెలియదు.

అప్పుడు చెప్పారు. మొదట పళ్ళన్నిటికీ రేకు చుట్టి తీగ బిగిస్తారు, క్లిప్పులంటారట. ఏడాది పైన ఉంచాలి. తరవాత మద్రాసు నుంచి వాళ్ళ గురువుగారు వచ్చి దవడ ఎముకని రెండు వైపులా కోసి వెనక్కి జరుపుతారు. జరిపి, పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి తీగతో కట్టేస్తారు. నెలా పదిహేను రోజులు నోరు తెరవడానికి లేదు. గంజి, పాలు... అవీ పళ్ళ సందులోంచి. నేను టెలిఫోన్ ఆపరేటర్నండి, ఎక్స్ఛేంజీలో నోరు మూసుకుని చేసే డ్యూటీ ఏదీ లేదండి అన్నాను.

చెబుతూ చెబుతూ కింది అచ్చుని వేలితో వెనక్కి తోశారు. టక్ మని పైదాని కింద కూర్చుంది.

"మళ్ళీ సెయ్యండి" అన్నాను.

చేశారు. టక్.

"ఇంకోసారండి."

భయం వేయాల్సింది. ఎముక కోస్తామంటున్నారు మరి. వేయలేదు. కింద పళ్ళు పై పళ్ళని అలా చేరి కూర్చోవడం ఉంటుందని నాకు తెలియదు. అందరి నోళ్ళలోనూ రోజంతా జరిగేది అదే కాబోలు.

తరవాత పేపరు ఇచ్చి చదవమన్నారు. చదువుతుంటే రాసుకున్నారు. పొద్దున్న ఏం తిని వచ్చారు అని అడిగారు.

"సారన్నం అండి."

కలం ఆగిపోయింది. "సారానా?"

"ఓలమ్మ! సారా కాదండి. సారు. సింతపండు సారు."

"చారు అనండి."

"సారు."

"చా."

"సా."

రాసుకున్నారు. దవడ ముందుకు ఉండబట్టి చ పలకడం లేదట, ఆపరేషన్ అయితే పలుకుతుందట. బహుమతి ఇస్తున్నట్టు చెప్పారు. నేనూ బహుమతి పుచ్చుకున్నట్టే తల ఊపి వచ్చేశాను.

బస్సెక్కితే కండక్టరు — "సోడవరం! సోడవరం! ఎవరండి సోడవరం, ముందుకి నడవండి!"

కండక్టరు పళ్ళు చూశాను. ఒక్కటి వంకర లేదు. కుదురుగా, కలిసి ఉన్నాయి.

20-11-74

పొద్దుట్నుంచీ వింటున్నాను. అత్తకి సీపురు కనపడలేదు. పాలమ్మి సెంబు పట్టమంది. బావ రెండు మాటలకోసారి సెరుకు. ఊరంతా స. డాక్టరుగారి లెక్కన మా ఊరందరికీ దవడ ఆపరేషన్ చెయ్యాలి. పొయ్యి ముందు కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నవ్వాక అనుమానం వచ్చింది. బావ ఆఫీసర్ల ముందు చక్కగా చెరుకు అంటాడు, నేను విన్నాను. భోజనాల దగ్గర పట్టుకున్నాను.

"చ అని అను."

"చ."

"మళ్ళీ."

"చ. ఏటే నీకు?"

అప్పుడు నేను అన్నాను. పలికిందనే అనుకున్నాను. బావ తల అడ్డంగా ఊపాడు. అంటే అతనిది చెప్పులు విప్పినట్టు విప్పి పక్కన పెట్టే స. నాది విప్పితే రాదు. అయితే నాలో ఎంత చోడవరం, ఎంత దవడ?

24-11-74

అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని చ అన్నాను, స అన్నాను. రెండింటికీ గాలి ఒక్కచోటే తగులుతోంది.

ఇక్కడ కాగితం మీద మాత్రం నా చ ఎంత శుభ్రంగా ఉందో.

1-12-74

దేవరాపల్లి నుంచి అమ్మాయి వచ్చింది. దాని దవడ వాళ్ళ నాన్నది, అదృష్టవంతురాలు. నేను చెప్పింది విని ఎగిరి గంతేసింది. "సేయించుకోవే అమ్మా! ఒక్క పొటోలోనైనా నువ్వు నేరుగా సూసేవా? పక్కకి తిరగమంతే తిరగవు." తన పెళ్ళి ఆల్బమ్ తీసింది. నిజమే. అన్నిటిలోనూ చెయ్యి గెడ్డం మీద. ఎవరూ పెట్టమన్నది కాదు, ఆ చెయ్యి అక్కడికి ఎప్పుడు చేరిందో నాకూ తెలియదు.

ఇప్పుడు కూడా అక్కడే ఉంది. తీసి రాస్తున్నాను.

5-12-74

వైజాగు ట్రంకు బోర్డు మీద మేరీ. తనకి నేను సోడవరం, నాకు తను వైజాగు — మా పనిలో ఊరి పేరే మనిషి పేరు. ఇన్నేళ్ళుగా పిల్లల జ్వరాలు, కూరలు, తగువులు అన్నీ మాట్లాడుకున్నాం, మొహాలు చూసుకున్నది లేదు. మధ్యాహ్నం కాల్స్ తగ్గాక అడిగాను.

"వైజాగూ, మా ఊరి పేరు నేను ఏటని అంటాను?"

"ఏటా పెశ్న?"

"సెప్పవే."

"సోడవరం అంటావు. కాదుండు... మళ్ళీ అను."

అన్నాను.

"స కాదది. అలగని చ కాదు. మీ రెండో ఆపరేటరు అంటాది సూడు, అదీ స. నీది వేరే. ఈల ఎయ్యబోయి మానేసినట్టు ఉంటాది. నువ్వు హలో అనక్కర్నేదు, మా బోర్డు మీద అందరం గుర్తుపడతాం. నీకు తెలీదేటి?"

నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ట్రైనింగులో "సోడవరం కాదమ్మా, చోడవరం" అని తిట్టినాయన కూడా నాది స అనే అనుకున్నాడు.

ఆపైన వడ్డాది బెల్లం వర్తకుడు లైనుకి వచ్చాడు. అనకాపల్లి కలుపుతూ ఆయన్నీ అడిగాను, నా మాట ఎలా ఉంటుందని. "నీ మాటకేటమ్మా, నువ్వు నేని రోజు లైను సచ్చిపోనట్టుంటాది" అన్నాడు.

నాకంటూ ఒక అక్షరం ఉంది. అచ్చుల్లో లేదు, హల్లుల్లో లేదు. గర్వంగా ఉంది. ఇంటికి నడుస్తూ దాన్ని పలుకుతూనే వచ్చాను, చూరు, చేను, చింత, చుట్టం... ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయాను. టక్ మని దవడ వెనక్కి వెళితే, ఇది ఎక్కడికి పోతుంది?

17-12-74

ఈ రోజుది రాయాలంటే రెండుసార్లు కలం కింద పెట్టాను.

దవడకి ఎక్స్-రే తీయాలని డాక్టరుగారు రమ్మన్నారు. ఎలాగూ వైజాగు వెళ్ళాలి కదా, మేరీ ఈసారి కలుద్దామంది. బస్టాండు టీకొట్టు దగ్గర. నేను ముందే వెళ్ళాను. సన్నగా, పొడుగ్గా, జడ వేసుకున్న మనిషి కోసం వెతుకుతున్నాను. పక్కన ఒక లావుపాటి కళ్ళజోడు ఆవిడ "పంచదార తక్కువెయ్యి బాబూ" అంది. ఆ గొంతు! వెంటనే "వైజాగూ" అన్నాను.

తిరిగింది. కళ్ళు నా కళ్ళకి వచ్చాయి, గెడ్డానికి దిగాయి, మళ్ళీ పైకి వచ్చాయి, మళ్ళీ దిగాయి. ఈ దారి నాకు తెలిసినదే. మేరీ దగ్గర ఉండదనుకున్నాను.

"నేను... వేరేగా అనుకున్నాను" అంది.

"ఎలగ?"

"గుండ్రటి మొహం. బుల్లి నోరు. ఏమో... నీ గొంతుకి అలగ అనిపించీది."

బాధేసింది. చెయ్యి దానంతట అదే గెడ్డం మీదికి వెళ్ళింది. నేను మాత్రం తనని సన్నగా ఊహించుకోలేదా, అది వేరే సంగతి. ఇద్దరం టీ గ్లాసులు పట్టుకుని ముక్తసరిగా మాట్లాడుకున్నాం, పెళ్ళిలో కొత్తగా కలిసిన దూరపు చుట్టాల్లాగా. అప్పుడు మేరీ కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకుంది. నడి బస్టాండులో.

"మాటాడు."

"ఏటి మాటాడను?"

"అదిగో. నువ్వే."

ఇక అక్కణ్ణుంచి కళ్ళు మూసుకునే మాట్లాడింది. అల్లుడి సంగతి, అద్దింటి సంగతి, రోజూ చెప్పేవన్నీ. కళ్ళు తెరిచినప్పుడల్లా కొత్తమనిషి అయిపోతుంది, మూస్తే మేరీ. లేచేటప్పుడు నా గెడ్డం మీది చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకుంది. "సేయించుకోమని సెప్పను, మానమని సెప్పను. నాకు రెండూ ఇష్టం నేదు" అంది. అంతకంటే నిజం ఎవరూ చెప్పలేదు ఇంతవరకు.

అదే రోజు, డాక్టరుగారి దగ్గర

మా ఊరి స సంగతి చెప్పాను. నమ్మలేదు. అక్కడే ఉన్న నర్సు మాడుగుల పిల్ల, ఆ పిల్లని చారు అనమన్నాను. "సారు" అంది, ముత్యాల్లాంటి పళ్ళు బయటపెట్టి. ఆయన నుదురు కొట్టుకుని, నవ్వి, నా కాగితం మీద ఏదో కొట్టేశారు. "అయితే మీ మాటలో దవడ తప్పేమీ లేదన్నమాట" అన్నారు. ఉందండి అన్నాను. మేరీ చెప్పింది చెప్పాను. మళ్ళీ పలికించుకున్నారు, చెవి దగ్గరగా పెట్టి, చాలాసార్లు. కొట్టేసినదాని పక్కన ఏమీ రాయలేదు. రాయడానికి అక్షరం లేదు కదా.

"ఆపరేషన్ అయ్యేక గొంతు మారుతాదేటండి?"

"గొంతు మారదు. మాట మారొచ్చు. ఎలా మారుతుందో ముందుగా చెప్పలేను."

కింది పెదవి మొద్దుబారొచ్చట. కొందరికి తగ్గిపోతుంది, కొందరికి ఉండిపోతుంది. పన్ను పీకిన రోజు చెంప గుర్తొచ్చింది. ఎప్పటికీ అలాగా?

ఇంకోటి చెప్పారు, అది నేను అనుకోనిది. ఇన్నేళ్ళుగా నా పళ్ళు వాటంతట అవే సర్దుకున్నాయట. పై పళ్ళని అందుకుందామని కిందివి లోపలికి వాలాయి, కింద పళ్ళ కోసం పైవి బయటికి వాలాయి. పాపం. క్లిప్పులు వేస్తే ముందు వాటిని నిటారుగా నిలబెడతారు. అంటే ఆపరేషన్ అయ్యేదాకా దవడ ఇప్పటికంటే ముందుకే కనపడుతుంది, నమలడం ఇంకా కష్టమవుతుంది.

"అందుకని మధ్యలో ఆగడానికి లేదమ్మా. క్లిప్పులు వేశామంటే ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టే. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

నేను మొదట క్లిప్పులు వేయించుకుని, అలవాటయ్యాక మిగతాది చూద్దామనుకున్నాను. ఆ దారి మూసుకుపోయింది.

18-12-74

ఎక్స్-రే తెచ్చుకున్నాను. పక్క నుంచి తీసింది. బావ కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది నువ్వేనేటే?"

నేనే. నా పక్క మొహం నేను చూడ్డం ఇదే మొదలు. ఎముకే గాని, నాదే. ముక్కు లేదు, పెదవులు నీడలా ఉన్నాయి, గెడ్డం మాత్రం తెల్లగా, ముందుకి... పడవ కొసలా ఉంది. అంత చెడ్డగా లేదే అనుకున్నాను. బావ వేలితో దాని అంచు వెంట గీసుకుంటూ వెళ్ళాడు.

"నాకిది తెలిసిందే."

"ఏటి తెలిసింది?"

"పెళ్ళిలో పీటల మీద పక్కనే కూసోబెట్టేరు కాదేటి. ముందునుంచి సూడ్డానికి నేదు. అంతసేపూ పక్కనుంచే సూసేను నిన్ను. నాకు నువ్వంటే ఇదే."

నేను ఎన్నడూ చూడనిది అతను అప్పట్నుంచీ చూస్తున్నాడు.

ఫిల్మ్ కవరులో పెట్టేస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు — "నీకు కావాలంటే సేయించుకో. నొప్పి నీది. నాకు బయ్యంగుంది, అంతే."

29-12-74

ఇంకో పన్ను నొప్పి. కుడి వైపు, వెనక. పచ్చడన్నం తినలేక మజ్జిగ తాగి డ్యూటీకి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు.

3-1-75

అత్త: "దవడ జరిపితే మాట జరిగిపోదేటే? నాకు పళ్ళు పోనాక నా కొడుకే 'ఏటమ్మా, ఏటంతన్నావు' అంతన్నాడు."

8-1-75

చెంచా వెనకవైపుతో గెడ్డాన్ని లోపలికి నొక్కిపట్టి చోడవరం అన్నాను. ఏ ఊరో అర్థం కాలేదు.

19-1-75

అద్దాలు రెండు ఎదురెదురుగా పట్టుకుని పక్క మొహం చూసుకోవడం నేర్చుకున్నాను. బావ చూసేది ఇదన్నమాట. చాలాసేపు చూశాను. బాగాలేదని అనలేను. బాగుందనీ అనలేను. ఒక్కసారి అవతలి మొహం కూడా చూసి, ఏది కావాలో అప్పుడు చెప్పమంటే ఎంత బాగుణ్ణు! బట్టల కొట్టులో రెండు చీరలు భుజాన వేసి చూపిస్తారే, అలాగ.

ఉన్నమాట రాసుకుంటాను. నాకు రెండూ కావాలి. అన్నం నమిలి తినాలి, ముసలితనంలో పళ్ళు ఉండాలి, ఫోటోలో చెయ్యి దించాలి. ఆ అక్షరమూ ఉండాలి. నా మొహం నచ్చినవాడు బావ ఒక్కడు, నా మాట నచ్చినవాళ్ళు ఈ తాలూకా అంతా. ఎక్స్ఛేంజీ గదిలో నన్ను చూసేవాళ్ళు లేరు, అక్కడ నేను మాట మాత్రమే. ఆ గదిలో ఎప్పుడూ నా చెయ్యి గెడ్డం మీదికి వెళ్ళలేదు. నిన్న కావాలని గమనించాను.

23-1-75

కుడివైపు పన్ను కదులుతోంది.

30-1-75

పొద్దుట డ్యూటీ. తొమ్మిది దాటాక బోర్డు మీద వైజాగు షట్టర్ పడింది, అక్కణ్ణుంచి పిలుపన్నమాట. మేరీ. కాని రోజూ పలికే మేరీ కాదు, రూల్సు పుస్తకం గొంతు.

"సోడవరం, మీకు పి.పి. కాల్. పార్టీ పేరు నూకరత్నం. పార్టీ ఉన్నారా?"

పి.పి. అంటే ఫలానా మనిషికే. ఆ మనిషి లేకపోతే కలపరు. రోజూ నేను అందర్నీ అడిగే ప్రశ్నే, నన్నెవరూ అడగలేదు. డాక్టరుగారే అయ్యుంటారు, ఇంకెవరు నాకు ట్రంకు కాల్ చేస్తారు. చేతిలో ప్లగ్గు, ఎదురుగా బోర్డు.

"లేరు" అన్నాను.

మేరీ రూలు ప్రకారమే అడిగింది. "ఎప్పుడు ఉంటారు?"

"చెప్పలేం."

అలా అన్నాననే అనుకున్నాను. నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు కదా. అవతల నుంచి వెంటనే, మేరీ మీదుగా డాక్టరుగారి గొంతు — "ఒక్క నిమిషం. నూకరత్నం గారూ, మీరే కదమ్మా?"

"మీకెలగ తెలిసిందండి?"

"చెప్పలేం అన్నారు కదా. ఆ ఒక్క మాట చాలు."

తప్పని రాసుకున్న మనిషి. దాన్నిబట్టే పోల్చారు.

గురువుగారు ఒప్పుకున్నారట. క్లిప్పులు ఇప్పుడు మొదలుపెడితే వచ్చే ఏడాది ఆఖరుకి ఆయన వచ్చి ఆపరేషన్ చేస్తారు. ఆ తరవాత ఆయన రిటైరవుతారు, ఇంత పని ఇటువైపు చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు. మొదలుపెట్టేదుంటే సోమవారమే. లైన్లో ఒకటే హోరు, సముద్రం పక్కనే పెట్టుకుని మాట్లాడుతున్నట్టు.

"ఒకటి అడగనేటండి?"

"అడగండి."

"ఆపరేషన్ అయిపోనాక మీరిలగే ఫోన్ సేస్తే, నన్ను గుర్తుపడతారేటి?"

లైను కట్టవకుండా ప్లగ్గు నొక్కి పట్టుకున్నాను.

"తెలీదమ్మా" అన్నారు. "నిజంగా తెలీదు. నాకూ తెలుసుకోవాలనే ఉంది."

మేరీ మధ్యలోకి వచ్చి త్రీ మినిట్స్ అంది. నేను రోజూ అనే గొంతుతోనే అంది. ఆయన తొందరగా "మరి సోమవారం?" అన్నారు.

"సూస్తానండి" అన్నాను.

"వస్తానన్నారా, సంతోషం! పదింటికల్లా రండి" అన్నారు. పెట్టేశారు.

ఫోనులో స సగం పోతుంది, నాది మరీ పోతుంది. నేను అన్నది చూస్తాననే. సరిదిద్దడానికి నోరు తెరిచాను, తెరిచినది అలాగే ఉండిపోయింది. బోర్డు మీద షట్టర్లు పడుతున్నాయి — ఫ్యాక్టరీ, తాలూకాఫీసు, బెల్లం కొట్టు — ఏదీ ఎత్తలేదు.

మేరీ లైన్లోనే ఉంది. రూల్సు గొంతు పోయింది. "సోడవరం... నువ్వు వస్తాననలేదు కదా? సూస్తాననే కదా అన్నావు?"

"ఊఁ."

"ఆయన లైను దగ్గిరే ఉంటాడు ఇంకా. మళ్ళీ కలిపీనా? ఏటంటావు, బేగి సెప్పు."

కుడివైపు పన్నుకి నాలుక తగిలింది. చెప్పాను.

మేరీ ఆయన లైను మళ్ళీ కలపలేదు.

"ఈసారి నాక్కూడా వస్తాననే ఇనపడింది" అంది.